కొండముచ్చు ప్రాయశ్చిత్తం

మసకకోన పేరు మీరు విని ఉండరు. రెండు కొండల నడుమ ఇరుకున పడ్డ అడవి అది. అక్కడికి పొద్దు ఆలస్యంగా వచ్చి తొందరగా వెళ్ళిపోతుంది. ఆ అడవిలో దుప్పులు, కొండముచ్చులు, ముళ్ళపందులు, నెమళ్ళు, కుందేళ్ళు ఉండేవి. ఒక చిరుత కూడా ఉండేది. అది ఎక్కడ ఉందో ఎవరికీ తెలియదు. ఎక్కడ లేదో కూడా ఎవరూ చెప్పలేరు.

కోన మధ్యలో ఒక మడుగు, దాని చుట్టూ మనిషెత్తు తుంగ. ఒడ్డున ఒక తెల్లమద్ది చెట్టు. తల వంచి నీళ్ళు తాగే దుప్పికి వెనక ఏముందో కనపడదు కదా! అందుకని దుప్పుల మంద మడుగుకు వచ్చినప్పుడు ఒక కొండముచ్చు ఆ మద్దిచెట్టు ఎక్కి నాలుగు వైపులా చూసేది. చిరుత జాడ కనిపిస్తే "ఖర్ర్... ఖొక్! ఖొక్!" అని కూసేది. దానికి బదులుగా, కొండముచ్చులు నేల మీద పండ్లు ఏరుకునేటప్పుడు దుప్పులు గాలి వాసన పట్టి వాటిని హెచ్చరించేవి. చూపు కొండముచ్చులది, వాసన దుప్పులది అని తాతల నాడే కుదుర్చుకున్న కట్టుబాటు అది. దాని మీదే రెండు జాతులూ బతికేవి.

బూదెప్ప అనే కొండముచ్చుకు కాపలా పనిలో మంచి పేరు. దాని చూపు చురుకు, గొంతు గట్టిది. లోపం ఒక్కటే. తీయని మాటలంటే చెవి కోసుకునేది.

తీయని మాటలకు ఆ అడవిలో కొదవ లేదు. చదువులయ్య అనే కొండగోరింక ఉండేది. కోనకు అవతలి ఊళ్ళో ఒక పండితుడి వసారాలో, పంజరంలో పెరిగిన పిట్ట అది. తలుపు వేయడం ఎవరో మరిచిపోయిన రోజున ఎగిరి వచ్చేసింది. వస్తూ వస్తూ నోటినిండా పద్యాలు తెచ్చుకుంది. ఏ గొంతు విన్నా అచ్చం అలాగే పలికేది. విన్నవాటిలో పాటించినది ఒక్కటైనా ఉందేమో, నాకైతే కనపడలేదు.

ఒక వేసవి సాయంత్రం బూదెప్ప కాపలాకు కూర్చుంది. కింద దుప్పులు ఒక్కొక్కటే మడుగులోకి దిగుతున్నాయి. చదువులయ్య వచ్చి పక్క కొమ్మ మీద వాలింది.

"బూదెప్పా, ఇవాళ నీకొక గొప్ప మాట నేర్పుతాను. ప్రాయశ్చిత్తం. ఏదీ, అను!"

"ప్రా...యశ్చిత్తం," అంది బూదెప్ప. నోరు తిరగలేదు గానీ, మాట చెవికి ఇంపుగా ఉంది.

"ప్రాయం అంటే తపస్సు. చిత్తం అంటే నిశ్చయం. తప్పు చేసినవాడు మనసు దిటవు చేసుకుని పడే కష్టం అన్నమాట. కవులు ఈ మాటను ఎక్కడబడితే అక్కడ వాడరు. రాజు తప్పు చేస్తాడు. రాజ్యం పోతుంది, బిడ్డలు పోతారు. చివరి ఆశ్వాసంలో, అంటే కావ్యం ముగిసేచోట, నోరు విప్పి ఈ ఒక్క మాట అంటాడు. సభ అంతా ఘొల్లుమంటుంది. నేను ఆ పద్యం చదివితే మా పండితుడి కళ్ళే చెమర్చేవి, తెలుసా?"

"చదవండి చదువులయ్యగారూ, చదవండి!"

చదువులయ్య గొంతు సవరించుకుని పద్యం ఎత్తుకుంది. బూదెప్ప ఒళ్ళు పులకరించింది. ఇంకా బాగా వినాలని కళ్ళు మూసుకుంది.

పద్యం బాగుంది. చాలా బాగుంది. వచ్చిన చిక్కే అది.

కింద చుక్కమ్మ అనే దుప్పి తన పిల్లను ముందుకు తోసింది. పిల్ల పేరు మిణుగు. అది బెదురుగొడ్డు, ఆకు రాలినా ఉలిక్కిపడేది. "పైన కాపలా మామ ఉన్నాడు. భయం దేనికి? వెళ్ళు తల్లీ, నువ్వే ముందు తాగు," అంది చుక్కమ్మ. మిణుగు వెళ్ళింది.

పద్యం చివరి పాదానికి వచ్చింది. నీళ్ళలో ఏదో పడ్డట్టు చిన్న చప్పుడైంది. బూదెప్ప కళ్ళు తెరిచింది. తుంగ ఊగుతోంది. మడుగు ఒడ్డున మిణుగు లేదు. నీటి మీద వలయాలు ఒకదాని వెనక ఒకటి ఒడ్డుకు వస్తున్నాయి.

మంద చెల్లాచెదురై, మళ్ళీ వణుకుతూ ఒకచోట చేరింది. మందకు పెద్ద కొమ్ములరాయుడు అనే మగదుప్పి. అది చెట్టు కిందికి వచ్చి తలెత్తింది.

"బూదెప్పా! నువ్వు కూయలేదేం?"

బూదెప్ప ఊగుతున్న తుంగ వైపే చూస్తోంది. ఆ సందులో చదువులయ్య అందుకుంది. "కూయలేదని ఎవరన్నారు? కూశాడు! పక్కనే ఉన్నాను, చెవులారా విన్నాను. పిల్ల వినిపించుకోలేదు. తల్లి అయినా అదుపులో పెట్టుకోవాలి కదా!"

చుక్కమ్మ తుంగలోంచి తల తిప్పి చూసింది. "కూశావా అన్నా? నాకు వినపడలేదే!"

లేదమ్మా, నేను కూయలేదు అని అప్పుడే చెప్పి ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది. బూదెప్ప నీళ్ళు నమిలింది. ఊపీ ఊపనట్టు తల ఊపింది. దుప్పులన్నీ చుక్కమ్మ వైపు అదోలా చూశాయి. చుక్కమ్మ చెవులు వాల్చేసింది.

మరునాటి సాయంత్రం మంద మళ్ళీ మడుగుకు వచ్చింది. కాపలాకు రావలసిన కొండముచ్చు ఇంకా దారిలోనే ఉంది. దాహం ఆగక ఒక ముసలి దుప్పి నీటి మీద మూతి ఆనించింది.

"ఖర్ర్... ఖొక్! ఖొక్!"

మద్దిచెట్టు మీంచి వచ్చింది కూత. మంద తుపాకి దెబ్బ విన్నట్టు లేచి పరుగెత్తింది. చాలాసేపటికి కొమ్ములరాయుడు తిరిగి వచ్చి చూసింది. చిరుత రాలేదు. బురదలో దాని అడుగు లేదు, గాలిలో దాని వాసన లేదు. చెట్టు మీద ఎవరూ లేరు.

"కూసింది ఎవరు?" అని కొండముచ్చులను అడిగింది.

"మాలో ఎవరమూ కాదు," అన్నాయి కొండముచ్చులు, ఒకదాని మొహం ఒకటి చూసుకుంటూ.

దూరంగా బండ మీద కూర్చున్న బూదెప్ప ఆ కూత విన్నది. ఆ గొంతు ఎవరిదో దానికి తెలుసు. అది తన గొంతే. నిన్న సాయంత్రం తన నోటి నుంచి రావలసిన కూతే ఇవాళ వచ్చింది.

ఆ తర్వాత పొద్దున్న వెళ్ళినా అంతే, మిట్టమధ్యాహ్నం వెళ్ళినా అంతే. ఎవరు నీటి మీద తల వంచినా ఖాళీ కొమ్మ మీంచి కూత వచ్చేది. విచిత్రం ఏమిటంటే, ఆ కూత వచ్చినప్పుడు చెట్టు మీద ఆకు కూడా కదిలేది కాదు. కొండముచ్చులు ఆ చెట్టు ఎక్కడం మానేశాయి. మిగతా జంతువులు దాని వైపు చూడటమే మానేశాయి.

ఎండలు ముదిరాయి. చుట్టుపక్కల వాగులన్నీ ఇసుకై పోయాయి. నీళ్ళున్నది ఆ మడుగులోనే. తాగబోతే కూత, కూత వింటే పరుగు. పిల్లదుప్పుల నాలుకలు పిడచగట్టుకుపోయాయి. నెమళ్ళు రెక్కలు వాల్చి నీడల్లో పడిపోయాయి. ఇంకొన్నాళ్ళు ఇలాగే సాగితే మసకకోనలో చిరుత ఒక్కటే మిగిలేట్టుంది.

కొమ్ములరాయుడు అందరినీ పిలిపించింది. "ఏమిటిది? ఏం చేద్దాం?" అని అడిగింది. ఎవరికీ ఏమీ తోచలేదు. చదువులయ్యకు తోచింది. ఏమీ తోచకపోవడం దాని చరిత్రలో లేదు మరి!

"ఏదో పాపం ఈ మడుగును పట్టుకుంది. పిల్లను కాచుకోలేని తల్లి పాపమేనేమో! పెద్దల మాట ఒకటుంది. ప్రాయశ్చిత్తం! దాని పద్ధతి నాకు తెలుసు. మన అందరి తరఫునా బూదెప్ప చేస్తాడు, నేను చేయిస్తాను."

ఆ మాట జంతువులకు ఎంత నచ్చిందంటే, మూడు పూటలా అదే మాట. ముళ్ళపంది నడుస్తూ నడుస్తూ ఎవరికైనా ముల్లు గుచ్చితే "ప్రాయశ్చిత్తం, ప్రాయశ్చిత్తం" అంటూ పక్కకు తప్పుకునేది. గుచ్చుకున్న ముల్లు మాత్రం తీసేది కాదు. కుందేళ్ళు ఆ మాటకు వరస కట్టుకుని పాడుకున్నాయి. చుక్కమ్మ ఎదురైతే మాత్రం పాట ఆపి, దారి వదిలి దూరంగా జరిగేవి.

బూదెప్ప చదువులయ్యను చాటుకు పిలిచింది.

"చదువులయ్యగారూ, ఆ కూత... అది నా గొంతండీ."

చదువులయ్య రెక్కలు ఒక్కసారి ఉబ్బాయి. చుట్టూ చూసింది. "గట్టిగా అనకు! నీ గొంతే అయితే నీ చేత చేయించడం మరీ మంచిదయింది. చెప్పినట్టు చెయ్యి. పొద్దున్నే బండ మీద నిలబడి ఆ పద్యం చదువు. తునికిపండు ముట్టకు. నోటితో నీళ్ళు తెచ్చి మద్దిచెట్టు మొదట్లో పొయ్యి. ఎండలో మడుగు చుట్టూ ప్రదక్షిణం చెయ్యి. ఆఁ, మరిచిపోయాను! నువ్వు మానేసిన పండ్లు వృథా పోకూడదు. గురువుకు ఇవ్వాలి."

"మరి చుక్కమ్మకు నిజం చెప్పనక్కరలేదా?"

"ఎందుకు? పద్ధతిలో ఎక్కడా ఆ ముక్క లేదు," అంది చదువులయ్య.

బూదెప్పకు ఆ జవాబు విని ప్రాణం లేచి వచ్చింది. నిజం చెప్పాలి, ఆ జవాబు కోసమే అది ఆ ప్రశ్న వేసింది. ఎండ ఫర్వాలేదు, ఆకలి ఫర్వాలేదు. చుక్కమ్మ కళ్ళలోకి చూడటం ఒక్కటే దానికి చేతకాని పని.

చెప్పినవన్నీ చేసింది. ఎండకు మొహం మాడింది. డొక్కలు లోపలికి పోయాయి. చదువులయ్య మాత్రం తునికిపండ్లు తిని నున్నగా, గుండ్రంగా తయారైంది. దారిలో కనపడ్డ జంతువులన్నీ, "మా అందరి కోసం ఎండిపోతున్నావు, నీ ఋణం తీర్చుకోలేం బూదెప్పా," అని చేతులెత్తి మొక్కినంత పని చేసేవి. ఆ మెప్పు విన్నప్పుడల్లా బూదెప్పకు తిన్నది కక్కాలనిపించేది. తినడమే లేదు కాబట్టి అదీ కుదిరేది కాదు.

కూత తగ్గలేదు. పైగా దగ్గరికి వచ్చింది. చెట్టు మొదట్లో పొయ్యడానికి నీళ్ళు నోట పట్టుకుందామని బూదెప్ప వంగినప్పుడు, ఆ కూత కొమ్మ మీంచి కాక తన చెవి పక్కనుంచే వచ్చింది. ఊపిరి కూడా తగిలింది. తిరిగి చూస్తే ఎవరూ లేరు.

ఒక మధ్యాహ్నం బూదెప్ప ప్రదక్షిణం చేస్తోంది. కీచురాళ్ళ రొద ఉన్నట్టుండి ఆగిపోయింది. గాలి లేదు. నీళ్ళు అద్దంలా కదలకుండా ఉన్నాయి. తుంగ అవతల ఏదో చప్పుడు. తడిగా, మెత్తగా, ఆగి ఆగి వస్తోంది. బూదెప్ప తుంగ పాయదీసి చూసింది.

మిణుగు పోయిన చోట చుక్కమ్మ నిలబడి ఉంది. నాలుక చాపి నాకుతోంది. తల్లి దుప్పి పిల్ల ఒళ్ళు నాకుతుంది చూశారా, మెడ దగ్గర మొదలుపెట్టి వీపు మీదుగా తోకదాకా? అచ్చం అలాగే నాకుతోంది. కానీ అక్కడ పిల్ల లేదు. వట్టి గాలి ఉంది.

"నేనే ముందు పంపాను కదా తల్లీ," అంటోంది చుక్కమ్మ. "కాపలా అన్న కూశాడట. అందరూ అంటున్నారు. నాకే వినపడలేదు. కన్నతల్లిని, ఆ పూట నా చెవులు ఎక్కడ పెట్టుకున్నానో! అందుకే నేను నీళ్ళు ముట్టడం లేదులే. నీ దగ్గరికే వస్తాను."

దాని డొక్కల ఎముకలు లెక్కపెట్టేట్టు కనపడుతున్నాయి. పెదవులు పగిలి ఉన్నాయి.

తన నోట్లోంచి రాని ఒక్క కూత బిడ్డను తినేసింది. తాను తల ఊపిన అబద్ధం ఇప్పుడు తల్లిని తింటోంది. ఇన్నాళ్ళూ తాను చేసిన తపస్సు ఎవరి కోసం? ఎవరి కోసమూ కాదు. దాచుకోవడం కోసం. సిగ్గుతో దాని ఒళ్ళు కాలిపోయింది.

"చుక్కమ్మా," అంది తుంగలోంచి బయటికి వచ్చి.

చుక్కమ్మ నాకడం ఆపింది. తల మాత్రం తిప్పలేదు.

"నీ చెవులకు ఏమీ కాలేదమ్మా. నీకు వినపడకపోవడానికి కారణం ఉంది. నేను కూయలేదు. చదువులయ్య పద్యం వింటూ కళ్ళు మూసుకున్నాను. చిరుతను చూడనే లేదు. ఆ తర్వాత అబద్ధం ఆడాను. నోటితో ఆడలేదు, తల ఊపి ఆడాను. తప్పు నాది. నీది రవ్వంత కూడా లేదు."

చుక్కమ్మ మెల్లగా వెనక్కి తిరిగింది. దాని కళ్ళు చూసి బూదెప్ప పారిపోదామనుకుంది. కానీ కదల్లేదు.

"నా బిడ్డ నీ మీద నమ్మకంతో తల వంచింది," అంది చుక్కమ్మ.

"అవునమ్మా."

"నేను కూడా నీ మీద నమ్మకంతోనే పంపాను."

"అవును."

"ఇన్నాళ్ళూ ఎండలో ఏదో చేస్తున్నావు. ఏమిటది?"

"ప్రాయశ్చిత్తం అంటారమ్మా."

"అందరూ పాడుకుంటున్నారు. అర్థం ఏమిటి?"

"ప్రాయం అంటే తపస్సు. చిత్తం అంటే నిశ్చయం," అని బూదెప్ప నేర్చుకున్నది నేర్చుకున్నట్టు అప్పజెప్పింది.

"ఎండలో మాడావు. తపస్సు సరే," అంది చుక్కమ్మ. "ఏమని నిశ్చయించుకున్నావు?"

బూదెప్ప నోరు తెరిచింది. ఇన్నాళ్ళలో ఆ ప్రశ్న తనను తాను వేసుకోనే లేదు.

చుక్కమ్మ మద్దిచెట్టు వైపు చూసింది. అందరూ చూడటం మానేసిన చెట్టు అది. "ఇవాళ సాయంత్రం దాని మీద కాపలా ఎవరు?" అని అడిగింది. జవాబు కోసం ఆగకుండా తుంగలోంచి నడిచి వెళ్ళిపోయింది.

సాయంత్రానికి మంద మడుగు దగ్గరికి చేరింది. బూదెప్ప అందరి ముందుకూ వచ్చి నిలబడింది. చుక్కమ్మకు చెప్పినదంతా కొమ్ములరాయుడికి మళ్ళీ చెప్పింది. మాట తడబడింది గానీ ఒక్క ముక్కా దాచలేదు.

మంద నివ్వెరపోయింది. చదువులయ్య మాత్రం నవ్వింది. "పాపం, ఉపవాసాలతో మతి చలించింది! దాని మాటలు పట్టించుకోకండి. రాయుడూ, శుభవార్త విను. ఇవాళ్టితో ప్రాయశ్చిత్తం పూర్తయింది. నిశ్చింతగా తాగండి. కూత వినపడినా అది వట్టి కూతే, పాపం వదిలిపోయే చప్పుడు. తలెత్తారో, పాపం మళ్ళీ పట్టుకుంటుంది!"

కొమ్ములరాయుడు ఇద్దరి మొహాలూ చూసింది. ఒకటి చెబుతున్న మాట చేదుగా ఉంది. రెండోది చెబుతున్న మాట వెంట నీళ్ళున్నాయి. దాహంతో ఉన్నవాళ్ళు ఏ మాట నమ్ముతారో వేరే చెప్పాలా? "తలెత్తకుండా తాగండి," అంది మందతో.

బూదెప్ప ఎవరినీ బతిమాలలేదు. మద్దిచెట్టు ఎక్కడం మొదలుపెట్టింది.

ఎండాకాలం కదా, మాను చేయి పెడితే కాలాలి. కానీ చల్లగా ఉంది. ఎక్కేకొద్దీ ఇంకా చల్లబడింది. కాపలా కొమ్మ చేరి కూర్చోబోయి బూదెప్ప ఆగింది. కొమ్మ అప్పటికే కాస్త కిందికి వంగి ఉంది, ఎవరో కూర్చున్నట్టు.

అయినా ఆ వంగిన చోటు పక్కనే, ఇరుకుగా సర్దుకుని కూర్చుంది. కింద దుప్పులు తలలు వంచాయి.

"ఖర్ర్... ఖొక్! ఖొక్!"

చెవిలో పిడుగు పడ్డట్టయింది. తన గొంతే. పక్కనే. కింద మంద వణికింది, కానీ ఒక్కటీ తలెత్తలేదు. బూదెప్ప కొమ్మను రెండు చేతులతో పట్టుకుంది. కళ్ళు మాత్రం మూసుకోలేదు. ఖాళీగా ఉన్న ఆ చోటు వైపు తిరిగింది.

"నేను వచ్చాను," అంది. "ఇది నా పని. ఇన్నాళ్ళూ నీ చేత చేయించాను. ఇక నువ్వు దిగు."

కాసేపు ఏమీ కాలేదు. తర్వాత కొమ్మ నెమ్మదిగా పైకి లేచింది, బరువు దిగినట్టు. మాను మీది చలి తగ్గి, సాయంత్రపు వేడి తగిలింది. బూదెప్ప తుంగ వైపు చూసింది.

తుంగ ఒకచోట గాలి లేకుండా కదులుతోంది.

పసుపు మీద నల్లమచ్చలు. నేలకు అంటిన పొట్ట. చిరుత! పిల్లదుప్పుల వెనకకు వచ్చేసింది.

"ఖర్ర్... ఖొక్! ఖొక్!" అని బూదెప్ప ప్రాణం పెట్టి కూసింది.

ఎవరూ తలెత్తలేదు. వట్టి కూత అనుకున్నాయి. మళ్ళీ కూసింది. "తాగండి, తాగండి, పాపం వదిలిపోతోంది," అంది బండ మీంచి చదువులయ్య. బూదెప్పకు ఏడుపు వచ్చింది. ఆ రోజు కూయాల్సినప్పుడు కూయలేదు. ఇవాళ కూస్తే నమ్మేవారు లేరు. కొమ్మ మీద లేచి నిలబడి రెండు కాళ్ళతో దాన్ని ఊపడం మొదలుపెట్టింది. ఎండుటాకులు జలజలా రాలాయి.

చుక్కమ్మ అందరికన్నా వెనక, నీళ్ళు ముట్టకుండా నిలబడి ఉంది. దాని ముందు నీటి మీద ఒక ఆకు పడింది. పక్కనే ఇంకొకటి పడింది. ఎవరూ లేని కూతకు ఆకు రాలదు! చుక్కమ్మ తలెత్తి మద్దిచెట్టు వైపు చూసింది. కొమ్మ మీద బూదెప్ప నోరు తెరిచి అరుస్తోంది, చేయి తుంగ వైపు చూపిస్తోంది.

మధ్యాహ్నం తనకు నిజం చెప్పిన నోరు అది. చుక్కమ్మ నేలను డెక్కతో దభీమని కొట్టి, కొండ మారుమోగేట్టు అరిచింది. "నిజం కూత! పరుగెత్తండి!"

డెక్క చప్పుడు వింటే దుప్పి కాలు ఆగదు. మంద మొత్తం ఒక్కసారి గాలిలోకి లేచింది. చిరుత దూకింది. ఒక పిల్లదుప్పి బురదలో కాలు దిగబడి వెనక పడిపోయింది. బూదెప్ప ఆలోచించలేదు. కొమ్మ మీంచి నేరుగా చిరుతకూ పిల్లకూ నడుమ దూకింది. పంజా దాని వీపును నిలువునా చీల్చింది. ఆ ఒక్క క్షణంలో చుక్కమ్మ పిల్లను మూతితో బయటికి తోసేసింది. బూదెప్ప రక్తం ఓడుతూ చెట్టు మీదికి పాకింది. వేట తప్పిన చిరుత కాసేపు గుర్రుమని, తుంగలోకి వెళ్ళిపోయింది.

మంద తిరిగి వచ్చింది. ఏ ఒక్కటీ తగ్గలేదు. కొమ్ములరాయుడు చుక్కమ్మ ముందు కొమ్ములు నేలకు ఆనించింది. "పెద్దవాణ్ణయి ఉండి, చేదుగా ఉందని నిజాన్ని తోసేశాను. నిన్ను కూడా దూరం పెట్టాను. మన్నించు చెల్లీ," అంది. చుక్కమ్మ ఆ పిల్లదుప్పి ఒళ్ళు నాకుతోంది.

మద్దిచెట్టు మీంచి ఆ కూత మళ్ళీ ఏనాడూ తనంతట తాను రాలేదు.

మరి ఎక్కడికి పోయింది అంటారా? మరునాడు పొద్దున్న చదువులయ్య ఎప్పటిలాగే బండ ఎక్కింది. జరిగినదాంట్లో తన గొప్ప ఎంత ఉందో చెప్పబోయింది. గొంతు సవరించుకుని ముక్కు తెరిచింది.

"ఖర్ర్... ఖొక్! ఖొక్!"

చదువులయ్య ఉలిక్కిపడి వెనక్కి చూసింది. ఎవరూ లేరు. మళ్ళీ ముక్కు తెరిచింది. మళ్ళీ అదే కూత వచ్చింది. పద్యం తలలో ఉంది, అర్థం తలలో ఉంది, ఆశ్వాసాలన్నీ తలలో ఉన్నాయి. నోటికి మాత్రం ఆ ఒక్క కూతే వస్తోంది. ఆకలేసినా అదే, భయమేసినా అదే. దాని గొంతు విన్న జంతువులన్నీ చిరుత వచ్చిందని హడలిపోయి, రాళ్ళు దొర్లించి దాన్ని తరిమేవి. కోన దాటి వెళ్ళిపోతూ కూడా అది కూస్తూనే వెళ్ళింది. ఆ పిట్ట కళ్ళలో అంత భయం ముందెన్నడూ ఎవరూ చూడలేదు.

బూదెప్ప వీపు మీది గాయం మానింది గానీ వంకర మిగిలిపోయింది. అది మానకముందే, మరునాటి సాయంత్రమే కుంటుకుంటూ వచ్చి చెట్టు ఎక్కబోయింది. చెట్టు కింద చుక్కమ్మ నిలబడి ఉంది.

"అమ్మా," అంది బూదెప్ప, "నా తప్పు తీరిందా?"

"లేదు," అంది చుక్కమ్మ. "నా బిడ్డ తిరిగి రాదు. ఎన్ని చేసినా రాదు."

బూదెప్ప తల దించుకుంది.

"అయినా ఇవాళ నాకు దాహంగా ఉంది," అంది చుక్కమ్మ. "నువ్వు ఎక్కు. నువ్వు పైన ఉంటే నేను తాగుతాను. రేపు కూడా ఉండాలి. ఎల్లుండి కూడా."

బూదెప్ప ఎక్కింది. చుక్కమ్మ మడుగు ఒడ్డుకు వెళ్ళి, ఒక్కసారైనా వెనక్కి చూడకుండా నీటి మీదికి తల వంచింది. పైన బూదెప్ప కళ్ళు ఆర్పకుండా తుంగను చూస్తూ కూర్చుంది. అది ముసలిదై, పట్టు తప్పి కొమ్మ ఎక్కలేకపోయే రోజుదాకా ఆ కాపలా వేరొకరికి ఇవ్వలేదు.

నీతి: ప్రాయశ్చిత్తం అనే మాటను అందంగా పలికినందువల్ల తప్పు తీరదు, నష్టపోయినవారి ముందు నిజం ఒప్పుకొని, తప్పిన చోటనే మళ్ళీ నిలబడి, ప్రతి రోజూ ఆ పని సరిగా చేయడమే దాని అర్థం.